వాషింగ్టన్‌లో ఏది రాజకీయ హింస?

హోస్ట్: నమస్కారం. వాషింగ్టన్‌లో ఎక్కడ కాల్పులు జరిగినా ‘రాజకీయ హింస’ అన్న మాట వెంటనే టీవీల్లో మొదలవుతుంది. అది నిజంగా రాజకీయ హింసేనా అన్నది ఎలా తేల్చాలి మేడమ్?

అతిథి: దెబ్బ ఎవరికి తగిలిందో చూసి మాత్రం తేల్చకూడదండీ. 1981 మార్చి 30న హిల్టన్ హోటల్ బయట రీగన్ మీద కాల్పులు జరిగాయి. సాక్షాత్తూ అధ్యక్షుడి మీదే కాబట్టి రాజకీయమే అనుకుంటాం. కానీ కాల్చిన హింక్లీకి రీగన్ విధానాలతో పనే లేదు. ఒక సినిమా నటి కంట్లో పడాలన్నదే అతని ఆరాటం. నేనైతే దాన్ని ఈ లెక్కలో కలపను.

హోస్ట్: మతిస్థిమితం లేదని కోర్టు అతన్ని నిర్దోషిగా తేల్చింది కదా. అందుకా?

అతిథి: కాదు కాదు. 1881లో అప్పటి అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను రైల్వే స్టేషన్‌లో కాల్చిన గిటో ఉన్నాడు. అతని మనసూ సరిగా లేదు. పైగా పారిస్‌లో కాన్సుల్, అంటే దౌత్యాధికారి పదవి ఇవ్వలేదన్న కక్ష. అయినా, అధ్యక్షుడు పోతే రిపబ్లికన్ పార్టీ ఒక్కటవుతుందని ముందే ఉత్తరంలో రాసి పెట్టుకున్నాడు. అధికారం చేతులు మారాలని కాల్చాడు. కక్ష ఉండొచ్చు, పిచ్చి ఉండొచ్చు. ప్రభుత్వాన్నో, జనాన్నో బలవంతంగా ఒక దారికి తేవడానికి చేశాడా అన్నదే నేను అడిగే ప్రశ్న.

హోస్ట్: 1954లో ప్రతినిధుల సభలో జరిగిన కాల్పులు?

అతిథి: అందులో తర్జనభర్జనే లేదు. అమెరికా పాలనలో ఉన్న ప్యూర్టోరికో దీవి స్వాతంత్ర్యం కోసం నలుగురు గ్యాలరీలోంచి కాల్చారు, ఐదుగురు సభ్యులు గాయపడ్డారు. మనం తరచూ మర్చిపోయేది 1976. చిలీ మాజీ మంత్రి ఓర్లాండో లెటెలియర్‌ను షెరిడాన్ సర్కిల్ దగ్గర కారు బాంబుతో చంపారు. కారులో ఉన్న సహోద్యోగి రోనీ మాఫిట్ కూడా చనిపోయింది. చేయించింది చిలీ రహస్య పోలీసు విభాగం. రాజకీయ హింస అన్న మాట వినగానే మనకు గుంపో, ఒంటరి మనిషో గుర్తొస్తారు గానీ, ఒక ప్రభుత్వం గుర్తుకు రాదు. అది నాకు చాలా బాధగా ఉంటుంది.

హోస్ట్: ఇక 2021 జనవరి 6.

అతిథి: అధ్యక్ష ఎన్నికల ఫలితాన్ని ధ్రువీకరిస్తున్న సభను ఆపాలని ట్రంప్ మద్దతుదారులు కాపిటల్‌లోకి, అంటే అమెరికా పార్లమెంటు భవనంలోకి చొరబడ్డారు. సుమారు 140 మంది పోలీసులు గాయపడ్డారు. రాజకీయ హింస కాదనడానికి నాకు ఒక్క కారణమూ కనబడదు. 2025లో ట్రంప్ సుమారు 1,500 మందికి క్షమాభిక్ష ఇచ్చారు. దానితో శిక్ష పోతుందే తప్ప, చేసిన పని మారదు.

హోస్ట్: కోర్టులు దాన్ని ఉగ్రవాదం అన్నాయా?

అతిథి: ఆ చట్టంలోనే ఒక చిక్కుంది. ‘దేశీయ ఉగ్రవాదం’ అంటే ఏమిటో ఫెడరల్ చట్టం చెబుతుంది కానీ, దాన్ని విడి నేరంగా పెట్టలేదు. కాబట్టి కేసులు వేరే సెక్షన్ల కింద నడుస్తాయి. నేరం పేరు ఒక్కటే చూసి జాబితా రాసేవాళ్లకు చాలా ఘటనలు తప్పిపోతాయి.

హోస్ట్: మరి ఆ జనవరి 6 చావుల లెక్క?

అతిథి: అన్నిటికన్నా కష్టం అదే. ఒక కాపిటల్ పోలీసు అధికారి మర్నాడు చనిపోయారు. స్ట్రోక్‌లతో సహజ మరణం అని వైద్య పరీక్షాధికారి తేల్చారు, కానీ ఆ రోజు జరిగినదానికీ ఆయన పరిస్థితిలో పాత్ర ఉందన్నారు. ఇంకో అధికారి కొన్ని రోజులకు ఆత్మహత్య చేసుకున్నారు. 2022లో దాన్ని విధి నిర్వహణలో మరణంగా ఒప్పుకున్నారు. ఇద్దరినీ ‘హత్య’ అని రాస్తే అబద్ధం, అసలు రాయకపోతే అన్యాయం. నేనైతే ‘ఆ రోజు వల్ల పోయినవారు’ అని విడిగా రాస్తాను.

హోస్ట్: లోపల పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఆందోళనకారిణిని?

అతిథి: ఆమెనూ రాయాలి. చొరబడ్డ గుంపులో ఉందని చావును దాచలేం. కాల్చిన అధికారి మీద కేసు పెట్టలేదన్న సంగతీ ఆ పక్కనే రాయాలి.