బోర్డు మీద లేనివే మనకు పని పెడతాయి

అందరికీ నమస్కారం. ‘రాస్ప్‌బెర్రీ పైతో ప్రాజెక్టులు’ అని మాట్లాడమని పిలిచారు. ప్రాజెక్టుల వీడియోలు యూట్యూబులో కావలసినన్ని ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోను. బోర్డు కొని, వారం తిరక్కుండానే ‘ఇది పనిచేయట్లేదు’ అని డబ్బాలో పెట్టి అటకెక్కించే వాళ్లు చాలామంది. ఈ పూట వాళ్ల గురించే మాట్లాడతాను.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు కలిసి పిల్లలు ప్రోగ్రామింగు నేర్చుకోవడానికని తయారుచేసిన, అరచేతిలో పట్టేంత చిన్న కంప్యూటరు బోర్డు ఇది. మొదటిది 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చింది. ధర 35 డాలర్లు, 256 మెగాబైట్ల మెమరీ, 700 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు. ఆ ధరకు ఇవ్వాలంటే కొన్ని వదిలేయక తప్పదు. పవర్ సప్లై ఇవ్వలేదు. హార్డ్ డిస్కు లేదు. ఆన్-ఆఫ్ స్విచ్చి లేదు. టైము గుర్తుంచుకునే బ్యాటరీ లేదు. బయటికొచ్చిన పిన్నులకు రక్షణ లేదు. ఈ జాబితా గుర్తుపెట్టుకోండి. మీకు వచ్చే తంటాల్లో చాలావాటికి మూలం ఇందులోనే దొరుకుతుంది.

ముందు కరెంటు సంగతి. దీని మీద ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే జనం దీన్నే చిట్టచివర అనుమానిస్తారు. ఇంట్లో ఉన్న ఫోన్ ఛార్జరు గుచ్చుతారు, ఎర్ర లైటు వెలుగుతుంది, ‘కరెంటు వచ్చింది కదా’ అనుకుంటారు. లైటు వెలగడానికి ఎంత కావాలి? నాలుగు కోర్లూ పనిచేస్తూ, వైఫై పంపిస్తూ, యూఎస్‌బీకి కెమెరా తగిలించి ఉన్నప్పుడు కావలసింది వేరు. తరవాత వచ్చిన మోడళ్లలో ‘పై 3’కి 2.5 ఆంపియర్లు, ‘పై 4’కి 3 ఆంపియర్ల సప్లై వాడమంటారు. వోల్టేజీ 4.63 కంటే తగ్గితే బోర్డు ‘తక్కువైంది’ అని నమోదు చేసుకుంటుంది, తెర మీద మూలన మెరుపు గుర్తు చూపిస్తుంది.

ఛార్జరు మంచిదైనా కేబులు మోసం చేయగలదు. లెక్క చూడండి. సన్నటి తీగలున్న కేబులులో పోనూ రానూ కలిపి 0.2 ఓముల నిరోధం ఉందనుకుందాం. 2 ఆంపియర్లు లాగితే 0.4 వోల్టులు దారిలోనే పోతాయి. ఛార్జరు దగ్గర 5 వోల్టులు, బోర్డు దగ్గర 4.6. అంటే గీత దాటేశాం. ఫోనుకు ఇదే కేబులు పెడితే కాస్త నెమ్మదిగా ఎక్కుతుంది, అంతే. ఫోనుకు సొంత బ్యాటరీ ఉంది, మన బోర్డుకు లేదు. కంపెనీ సొంత అడాప్టరు మీద 5.1 వోల్టులు అని రాసి ఉండేది ఈ నష్టాన్ని ముందే లెక్కేసుకునే.

పై 5 వాళ్లకు ఇంకో చిక్కు. దానికి 5 వోల్టుల దగ్గరే 5 ఆంపియర్లు ఇచ్చే సప్లై వాడమంటారు. ‘నా దగ్గర ల్యాప్‌టాప్‌ది 65 వాట్ల ఛార్జరు ఉంది సార్’ అంటారు. ఆ 65 వాట్లూ 20 వోల్టుల దగ్గర. 5 వోల్టులకు దిగితే అలాంటి ఛార్జర్లలో చాలావరకు ఇచ్చేది 3 ఆంపియర్లే. అప్పుడు బోర్డు బూట్ అవుతుంది కానీ యూఎస్‌బీ పరికరాలన్నిటికీ కలిపి 600 మిల్లీ ఆంపియర్లకే పరిమితం చేస్తుంది. డిస్కు తగిలిస్తే మధ్యలో ఊడిపోయినట్టు మాయమవుతుంది. మీరేమో డిస్కును తిడతారు.

అనుమానం తీర్చుకోవడానికి ఒక కమాండు ఉంది: వీ సీ జెన్ సీ ఎం డీ, ఒక ఖాళీ, గెట్ అండర్‌స్కోర్ థ్రాటిల్డ్. జవాబు 0ఎక్స్0 అని వస్తే నిశ్చింత. 0ఎక్స్50000 అంటే బూట్ అయ్యాక ఎప్పుడో ఒకసారి వోల్టేజీ పడిపోయింది, వేగమూ తగ్గించుకుంది. 0ఎక్స్50005 అంటే ఈ క్షణంలో కూడా అదే జరుగుతోంది. మీ కోడ్‌లో ఒక్క అక్షరం మార్చేముందు ఈ కమాండు కొట్టండి. ఎవరైనా నన్ను సాయం అడిగితే నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే.

హార్డువేరు తప్పు అసలుండదని కాదు. పై 4 మొదటి బోర్డుల్లో యూఎస్‌బీ-సి దగ్గర రెండు పిన్నులకు విడివిడిగా ఉండాల్సిన రెసిస్టరు ఒకటే పెట్టారు. దాంతో చిప్పున్న ఖరీదైన కేబుళ్లు పెడితే ఛార్జర్లు దాన్ని ఆడియో పరికరం అనుకుని కరెంటే ఇవ్వలేదు, చవక కేబుళ్లతో మాత్రం చక్కగా నడిచింది! తరవాతి బోర్డుల్లో సరిచేశారు. ఇంకా విచిత్రం, 2015లో వచ్చిన పై 2. కెమెరాతో దగ్గర్నుంచి ఫ్లాష్ కొట్టి ఫొటో తీస్తే ఆగిపోయేది. దాని పవర్ చిప్పు వెలుతురు తగిలితే తడబడుతుందని తేలింది. ఇలాంటివి అరుదు. ముందు కేబులు మార్చి చూడండి.

ఇక కార్డు. డిస్కు స్థానంలో మనం పెట్టేది మైక్రో ఎస్‌డీ కార్డు, అది ఎక్కువగా ఫొటోలు దాచుకోవడానికి వాడే సరుకు. రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ప్రోగ్రాముతో సిస్టమును దాని మీద రాస్తాం. రాశాక కార్డును మళ్లీ విండోస్‌లో పెడితే ‘ఈ డిస్కును ఫార్మాట్ చేయాలి’ అని అడుగుతుంది. చేయకండి! కార్డు మీద రెండు భాగాలుంటాయి. చిన్నదాన్ని విండోస్ చదవగలదు, బోర్డును నడిపే సిస్టము లినక్స్ ఉండే పెద్దదాన్ని చదవలేదు. చదవలేనిదాన్ని ఖాళీ అనుకుని అడుగుతోంది. సరే అన్నారంటే మళ్లీ మొదటికొస్తుంది.

నకిలీ కార్డులు కూడా ఉన్నాయి. పైన 64 జీబీ అని ఉంటుంది, లోపల 8 ఉంటుంది. 8 నిండేదాకా బాగానే నడిచి ఆ తరవాత ఫైళ్లు చెడిపోతాయి. లినక్స్‌లో ఎఫ్3 అనే చిన్న సాధనం కార్డు నిండా రాసి, తిరిగి చదివి, అసలు సంగతి చెబుతుంది. కొత్త కార్డు తెచ్చిన రోజే ఈ పరీక్ష పెట్టండి.

కార్డులను చంపేది ఇంకొకటి: సరిగా ఆపకుండా ప్లగ్గు పీకేయడం. స్విచ్చి లేదు కాబట్టి అందరికీ అదే అలవాటు. రాస్తున్న మధ్యలో కరెంటు పోతే ఆ ఫైలు సగంలో ఆగిపోతుంది. షట్‌డౌన్ కమాండు ఇచ్చి, ఆకుపచ్చ లైటు మినుకుమినుకులు ఆగాక తీయండి. పై 5కి బటను పెట్టారు, సంతోషం. పొలంలోనో మోటారు షెడ్డులోనో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట పెడుతున్నారా? అయితే రాస్పీ-కాన్ఫిగ్ అనే సెట్టింగుల ప్రోగ్రాములో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేయండి. అప్పుడు రాతలన్నీ మెమరీలోకి పోతాయి, కార్డు జోలికి రావు. దాచుకోవలసిన డేటాను మాత్రం నెట్‌వర్కు మీద వేరేచోటికి పంపుకోవాలి.

తెర నల్లగా ఉందా? మైక్రో హెచ్‌డీఎంఐ రంధ్రాలు రెండున్న బోర్డులో పవర్ దగ్గరున్నదే వాడండి. పై 3, అంతకు ముందువాటిలో బూట్ ఫైళ్లన్నీ కార్డు మీదే, కాబట్టి కార్డు చదవలేకపోతే తెర మీద ఏమీ రాదు. పై 4, 5లలో ఆ మొదటి అడుగు బోర్డు మీది చిప్పులోనే ఉంటుంది, కార్డు లేకపోయినా ఏదో ఒక సందేశం చూపిస్తాయి. ఆకుపచ్చ లైటును కూడా చదవవచ్చు. ఆగి ఆగి నాలుగేసి సార్లు వెలిగితే బూట్ మొదలుపెట్టే స్టార్ట్ ఫైలు దొరకలేదని, ఏడేసి సార్లయితే కెర్నెల్, అంటే లినక్స్ అసలు భాగం, దొరకలేదని. రెండూ కార్డు మళ్లీ రాసుకోమన్న సూచనలే. రంగుల చతురస్రం దగ్గరే నిలిచిపోతే స్టార్ట్ ఫైలు దాటి కెర్నెల్ దగ్గర ఆగిందని.

మానిటరు లేకుండా వైఫై మీదే బోర్డును వాడుకునే వాళ్లకు ఒక్క మాట. పై 3బి, జీరో డబ్ల్యూ, జీరో 2 డబ్ల్యూ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే చూడగలవు. మీ ఫోన్ హాట్‌స్పాట్ 5లో ఉంటే వాటికి అది లేనట్టే. ఇమేజర్‌లో దేశం ఇండియా అని పెట్టడం, వేరే కంప్యూటరు నుంచి బోర్డులోకి వెళ్లే దారి ఎస్‌ఎస్‌హెచ్ ఆన్ చేయడం మరచిపోవద్దు.

నా ఉద్దేశంలో అన్నిటికంటే ఎక్కువ సమయం తినేవి పాత సూచనలు. ‘పై’ అనే యూజరు, ‘రాస్ప్‌బెర్రీ’ అనే పాస్‌వర్డు 2022లోనే తీసేశారు. 2023 అక్టోబరులో వచ్చిన బుక్‌వార్మ్ అనే సిస్టము వెర్షను నుంచి కార్డులో వైఫై ఫైలు పెట్టే పాత పద్ధతి పనిచేయదు, కాన్ఫిగ్ ఫైలు ఫర్మ్‌వేర్ అనే ఫోల్డరులోకి మారింది, పిప్‌తో నేరుగా పైథాన్ ప్యాకేజీ వేయబోతే ఒప్పుకోదు, వర్చువల్ ఎన్విరాన్‌మెంటు, అంటే ఆ ప్రాజెక్టుకే విడిగా ఒక చోటు, చేసుకోమంటుంది. పిన్నులను నడిపించే ఆర్‌పీఐ డాట్ జీపీఐఓ లైబ్రరీ పై 5 మీద నడవదు, జీపీఐఓ జీరో వాడండి. ఏ వీడియో చూసినా ముందు దాని తేదీ చూడండి.

పిన్నుల విషయంలో మాత్రం రెండో అవకాశం ఉండదు. బోర్డు మీద బయటికొచ్చిన ఆ జీపీఐఓ పిన్నులు 3.3 వోల్టులవి. దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సరు హెచ్‌సీ-ఎస్‌ఆర్04 ఎకో పిన్ను 5 వోల్టులు ఇస్తుంది, దాన్ని నేరుగా తగిలిస్తే పిన్ను పోవచ్చు, ఒక్కోసారి ప్రాసెసరే పోవచ్చు. ఎకోకూ జీపీఐఓకూ మధ్య 1 కిలో ఓము, జీపీఐఓ నుంచి గ్రౌండుకు 2 కిలో ఓములు పెడితే 3.3కి దిగుతుంది. హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో ఆ రెండు రెసిస్టర్లకూ అయ్యే ఖర్చు లెక్కలోకి కూడా రాదు. తీగలు మార్చేటప్పుడు కరెంటు తీసేయండి.

గడియారం సంగతి మిగిలింది. నెట్ లేకుండా బూట్ అయితే బోర్డుకు ఈరోజు తేదీ తెలియదు, ఎప్పటిదో పాతది చూపిస్తుంది. అప్పుడు వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు చెల్లవని ఎర్రర్లు వస్తాయి, సెన్సరు రీడింగుల తేదీలు తప్పుతాయి. డేట్ అని కొట్టి చూడండి. పై 5లో గడియారం ఉంది కానీ బ్యాటరీ విడిగా కొనాలి. మిగతావాటికి డీఎస్3231 అనే గడియారం మాడ్యూలు పెట్టుకోవచ్చు.

తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తున్నాయని ఇందాక ఒకరు చీటీ పంపారు. అది బోర్డు జబ్బు కాదు, ఫాంటు లేదు. ప్యాకేజీలు వేసే ఆప్ట్ కమాండుతో ఫాంట్స్-తెలు అనేది వేసి, బ్రౌజరు మూసి మళ్లీ తెరవండి. ఇక మీ బోర్డులు బల్ల మీద పెట్టండి, ఛార్జరు, కేబులు కూడా తీసుకురండి. వాటితోనే మొదలుపెడదాం.