ఓవర్‌ఫ్లో లాంజ్‌కి వెళ్లమన్నారా? అక్కడ ఏముంటుందో ముందే చూడండి

[తెర మీద: లాంజ్ ద్వారం, బయటిదాకా వరుస]

బిజినెస్ క్లాస్ టికెట్ ఉంది. రాత్రంతా ప్రయాణం చేసి దిగారు. లాంజ్‌లో స్నానం చేసి, వేడిగా ఏదైనా తిని, కాసేపు నడుం వాల్చుదామనుకున్నారు. తీరా వెళ్తే గుమ్మంలోనే, "లోపల నిండిపోయిందండీ, గేటు దగ్గర ఇంకో లాంజ్ పెట్టాం, అక్కడికి వెళ్లండి" అన్నారు. ఆ ఇంకోటే ఓవర్‌ఫ్లో లాంజ్.

మా అమ్మతో వెళ్తుంటే మాకూ ఇదే జరిగింది. ఏ ఎయిర్‌లైనో అడగకండి, చెప్పను. గేటు పక్క ఖాళీ జాగాలో నాలుగు తెరలు అడ్డం పెట్టారు. లాంజ్ అని ప్రింటు తీసిన కాగితం టేపుతో అతికించారు. బల్ల మీద నీళ్ల సీసాలు, చిప్స్ పొట్లాలు, అరటిపళ్లు, చల్లటి శాండ్‌విచ్‌లు. కాఫీ ఫ్లాస్కు పంపు మూడోసారి నొక్కేసరికి గాలి వచ్చింది. అమ్మ చుట్టూ చూసి, "ఇదేనట్రా నువ్వు చెప్పిన లాంజ్? మన బస్టాండే నయం, వేడి టీ అన్నా దొరుకుతుంది" అంది.

[తెర మీద: డిపార్చర్ బోర్డు, వరసగా ఆలస్యాలు]

అసలు ఎందుకు నిండుతుంది? పెద్ద విమానాశ్రయాల్లో విమానాలు రోజంతా సమానంగా బయల్దేరవు, గుంపులు గుంపులుగా వెళ్తాయి. ఒక గుంపు ఆలస్యమైతే పాతవాళ్లు కదలరు, కొత్తవాళ్లు వచ్చేస్తారు. బిజినెస్ టికెట్ వాళ్లకు తోడు, తరచూ ప్రయాణించేవాళ్లకు ఎయిర్‌లైన్ ఇచ్చే గోల్డ్ కార్డు వాళ్లు, వాళ్ల గెస్టులు, క్రెడిట్ కార్డు వాళ్లు. అందుకే కొన్ని ఎయిర్‌లైన్లు గుమ్మం దగ్గరే బిగించాయి. అమెరికాలో డెల్టా 2022 జూన్ నుంచి విమానానికి 3 గంటల ముందుగానీ లోపలికి రానివ్వట్లేదు. రద్దీ వేళ ముందుగా ఆపేది చాలాచోట్ల ప్రయారిటీ పాస్ లాంటి లాంజ్ సభ్యత్వ కార్డులతో వచ్చినవాళ్లనే.

తాత్కాలికంగా పెట్టిన చోట వంటగది ఉండదు, నీటి పైపులు ఉండవు. కాబట్టి వేడి అన్నం, షవర్ రెండూ మర్చిపోండి. చార్జింగ్ ప్లగ్గులూ తక్కువే. శాకాహారులు ఇంకో జాగ్రత్త పడాలి: శాండ్‌విచ్ పొట్లం మీద చీటీ చదవకుండా కొరకొద్దు.

అన్నీ ఇలాగే ఉంటాయని కాదు. ఒక్కోసారి వేరే ఎయిర్‌లైన్ లాంజ్‌కి పంపుతారు, ఒక్కోసారి రెస్టారెంట్ కూపన్ ఇస్తారు. నన్నడిగితే కూపనే మేలు, కూర్చుని వేడిగా తినొచ్చు.

[తెర మీద: హీత్రో టెర్మినల్ 5 మ్యాప్]

హైదరాబాద్ నుంచి లండన్ మీదుగా వెళ్లేవాళ్లకు ఇది ముఖ్యం. అక్కడి హీత్రో విమానాశ్రయంలో టెర్మినల్ 5 అంటే ఒక్క భవనం కాదు, ఎ, బి, సి అని మూడు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ లాంజ్‌లు ఎక్కువగా ఎ లోనే ఉన్నాయి, జనమూ అక్కడే. బి లో కూడా ఒక లాంజ్ ఉంది. అది ఓవర్‌ఫ్లో కాదు, అసలు లాంజే, చాలామందికి తెలియదంతే. పెద్ద విమానాలు చాలావరకు బి, సి గేట్ల నుంచే వెళ్తాయి, కాబట్టి మీ గేటు అటువైపైతే ఎ లో నిలబడటం ఎందుకు? కాకపోతే లోపలి రైలెక్కి బి కి వెళ్లాక మళ్లీ ఎ కి రావడం తేలిక కాదు. షాపింగ్ ఉంటే ముందే కానిచ్చేయండి.

ఎక్కడైనా సరే, ఓవర్‌ఫ్లోకి పొమ్మంటే కదలకముందు రెండు అడగండి. "ఇక్కడ ఖాళీ అయితే మళ్లీ రానిస్తారా?" "నా గేటు దగ్గర ఇంకేదైనా లాంజ్ ఉందా?" మొదటిది మేం అడిగాం. 40 నిమిషాలాగి రమ్మన్నారు. వెళ్లాం, లోపలికి పంపించారు. అమ్మకు వేడి టీ దొరికింది. అది తాగి, "చక్కెర తక్కువైంది" అంది.