మీ వ్యాపారానికి ఏ డేటాబేస్? డబ్బు పెట్టి కొనాలా, పోస్ట్‌గ్రెస్ చాలా?

నమస్కారం అండీ. "మా కంపెనీకి డబ్బు కట్టి కొనే ఒరాకిల్ డేటాబేస్ తీసుకోమంటారా, ఫ్రీగా వచ్చే పోస్ట్‌గ్రెస్ సరిపోతుందా?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్తగా మొదలుపెడుతున్న చిన్న, మధ్యస్థాయి వ్యాపారానికి పోస్ట్‌గ్రెస్ చాలు. అయితే లైసెన్స్ మీద మిగిలిన డబ్బులో కొంత, ఆ డేటాబేస్‌ని చూసుకునే మనిషి మీద పెట్టాలి. ఈ రెండో మాట వదిలేసి, ఫ్రీ అన్న మాటొక్కటే పట్టుకున్నవాళ్లు ఎంత అవస్థ పడ్డారో కళ్లారా చూశాను.

ముందు డబ్బు లెక్క చూద్దాం. ఒరాకిల్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ లిస్ట్ ధర ప్రాసెసర్‌కి 47,500 డాలర్లు. మామూలు ఇంటెల్ సర్వర్‌లో రెండు కోర్లను, అంటే చిప్‌లో పనిచేసే భాగాలను, ఒక ప్రాసెసర్‌గా లెక్కేస్తారు. అంటే 16 కోర్ల సర్వర్‌కి ఎనిమిది లైసెన్సులు, మొత్తం 3,80,000 డాలర్లు. మన రూపాయల్లో మూడు కోట్లు దాటుతుంది. దాని మీద ఏటా 22 శాతం సపోర్ట్, అంటే ఇంకో 83,600 డాలర్లు. బేరమాడితే తగ్గిస్తారు, నిజమే. కానీ పెద్ద టేబుల్‌ని ముక్కలుగా విడగొట్టే పార్టిషనింగ్ లాంటివి కావాలంటే విడిగా కొనాలి. ఇంకో సంగతి జాగ్రత్తగా వినండి. సిస్టమ్ ఎందుకు స్లో అయిందో చూడటానికి డీబీఏలు, అంటే డేటాబేస్‌ని చూసుకునేవాళ్లు, తీసే ఏడబ్ల్యూఆర్ రిపోర్ట్‌కి డయాగ్నస్టిక్స్ ప్యాక్ లైసెన్స్ ఉండాలి. ఆ సదుపాయం ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచే కళ్లెదుట ఉంటుంది, ఎవరూ ఆపరు. వాడినట్టు మాత్రం డేటాబేస్ రాసిపెట్టుకుంటుంది, ఆడిట్‌లో బయటపడుతుంది.

మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా ఎక్కువగా కోర్ల లెక్కనే అమ్ముతారు. ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఫ్రీ. కానీ 2022 వెర్షన్ వరకు ఒక డేటాబేస్ 10 జీబీ దాటకూడదు. వేళకు బ్యాకప్ తీసే ఏజెంట్ కూడా అందులో ఉండదు. ఆఫీసంతా విండోస్, ఎక్సెల్ మీద నడుస్తూ, మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదిక డాట్‌నెట్ తెలిసినవాళ్లు చేతిలో ఉంటే స్టాండర్డ్ ఎడిషన్ కొనుక్కోవడంలో తప్పేమీ లేదు.

ఇక పోస్ట్‌గ్రెస్. 1986లో బర్కిలీ యూనివర్సిటీలో మొదలైన ప్రాజెక్టు ఇది. ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఏటా ఒక పెద్ద వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి ఐదేళ్లు తప్పులు సరిదిద్దే ప్యాచ్‌లు ఇస్తారు. ఎన్ని కోర్లున్నా, ఎన్ని సర్వర్లున్నా లెక్క అడిగేవాళ్లుండరు.

ఏ కంపెనీ సొత్తూ కాదన్నది నాకు ముఖ్యంగా అనిపించే విషయం. ఎందుకంటే ఓపెన్ సోర్స్‌లన్నీ, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్లన్నీ, ఒకటి కావు. మైఎస్‌క్యూఎల్ 2010 నుంచి ఒరాకిల్ చేతిలోనే ఉంది. మాంగోడీబీ అనే ఇంకో డేటాబేస్ 2018లో వాడకం మీద షరతులు పెంచుతూ లైసెన్స్ మార్చింది. రెడిస్ అనే డేటాబేస్ 2024లో అలాగే మారిస్తే, దాన్ని నమ్ముకున్నవాళ్లు అదే కోడ్‌తో వాల్కీ అని విడిగా పెట్టుకున్నారు. అందుకే ఫ్రీనా అని అడిగే ముందు, అది ఎవరి చేతిలో ఉందో కనుక్కోండి.

ఇప్పుడు మనిషి సంగతి. నేను పనిచేసిన ఒక మందుల హోల్‌సేల్ సంస్థలో పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లం. రోజూ రాత్రి 11కి బ్యాకప్ ఫైల్ తయారయ్యేది. ఫోల్డర్ తెరిస్తే తేదీలవారీగా ఫైళ్లు బారులు తీరి ఉండేవి. ఒకరోజు సర్వర్ డిస్క్ పోయింది. టెన్షన్‌తో ఫోల్డర్ తెరిస్తే, ఐదు వారాలుగా ప్రతి ఫైల్ సైజు సున్నా. డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చినవాళ్లు బ్యాకప్ స్క్రిప్ట్‌లో మార్చలేదు, అంతే. ఆ ఐదు వారాల బిల్లులు కాగితాలు చూసి మళ్లీ ఎక్కించాం.

పెద్ద కంపెనీలకూ ఇది తప్పలేదు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు సర్వర్‌లోని డేటానే తుడిచేశారు. వాళ్లదీ పోస్ట్‌గ్రెసే. బ్యాకప్‌ల కోసం చూస్తే అక్కడ ఖాళీ. బ్యాకప్ తీసే పీజీ డంప్ వెర్షనూ డేటాబేస్ వెర్షనూ కలవక, అది రోజూ ఫెయిలవుతూ వచ్చింది. ఫెయిలైందని చెప్పే మెయిల్స్ కూడా చేరలేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్, అంటే ఆ క్షణానికి డేటా ఎలా ఉందో అలా తీసిన కాపీ, ఒకటి దొరికింది. ఆ ఆరు గంటల డేటా పోయింది. ఇదంతా వాళ్లే దాచకుండా రాసి పెట్టారు. ఆ నిజాయితీకి నాకు వాళ్ల మీద ఎంతో గౌరవం.

ఒరాకిల్ కొన్నా ఇదే గతి పట్టొచ్చు. డబ్బు కడితే ఫోనెత్తేవాళ్లు ఉంటారు గానీ, మీ బ్యాకప్‌ని రీస్టోర్ చేసి చూసేవాళ్లు మీ దగ్గరే ఉండాలి.

ఇప్పటికే ఒరాకిల్ మీద నడుస్తున్నవాళ్లకి ఒక మాట. స్క్రీన్ చూడండి. కస్టమర్ ఫోన్ నంబర్ గడిలో ఖాళీ స్ట్రింగ్, అంటే ఒక్క అక్షరమూ లేని మాట, పెట్టాను. ఒరాకిల్ దాన్ని నల్, అంటే అసలు విలువే లేదు, అనుకుంటుంది. "నంబర్ లేనివాళ్లను చూపించు" అంటే ఈ కస్టమర్ వచ్చాడు. అదే క్వెరీ, అంటే అదే ప్రశ్న, పోస్ట్‌గ్రెస్‌లో నడుపుతున్నా... రాలేదు. పోస్ట్‌గ్రెస్‌కి ఖాళీ వేరు, నల్ వేరు. ఎర్రర్ కూడా ఏమీ రాదు, లెక్క మాత్రం తప్పుతుంది. ఇలాంటివి ఒరాకిల్ సొంత భాష పీఎల్ ఎస్‌క్యూఎల్‌లో పదేళ్లుగా రాసిన కోడ్‌లో ఎన్నుంటాయో ఊహించుకోండి. ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి మార్చే ఓరాటుపీజీ అనే ఫ్రీ టూల్ టేబుళ్లను బాగానే మారుస్తుంది, డేటాబేస్ లోపల రాసిపెట్టిన ప్రోగ్రాములైన ప్రొసీజర్లను కూడా చాలావరకు మారుస్తుంది. మిగిలింది మనిషి కూర్చుని ఒక్కొక్కటే సరిచూడాల్సిందే.

కాబట్టి సపోర్ట్ రెన్యువల్ బిల్లు చూసి కంగారుపడి, మూడు నెలల్లో మొత్తం మార్చేద్దామనుకోకండి. ముందు ఒక రిపోర్టింగ్ డేటాబేస్ తీసుకుని పోస్ట్‌గ్రెస్‌లో పెట్టండి. నెలాఖరు లెక్కలు రెండింట్లోనూ తీయండి, రూపాయి కూడా తేడా రాకుండా ఉండాలి. వరసగా మూడు నెలాఖరులు అలా కలిశాకే బిల్లింగ్ మీద చెయ్యి వేయండి.