సొసైటీ ఎవరిది?

శ్రోతలకు నమస్కారం. మన ఊళ్లలో సొసైటీ, అంటే సహకార సంఘం, అనగానే యూరియా కోసం లైను, పంట రుణం, ఇవే గుర్తొస్తాయి. అందులో తమ వాటా డబ్బు ఉందని, అది తమదేనని చాలామంది రైతులు అనుకోరు, గవర్నమెంటు ఆఫీసుల్లో అదీ ఒకటి అనుకుంటారు. మనలాంటి దేశాల్లో సహకార సంఘాలు నిలబడ్డా, మూతపడ్డా కారణం చాలావరకు ఇక్కడే ఉందని నేను నమ్ముతాను.

గుజరాత్‌లోని ఖేడా జిల్లానే తీసుకోండి. 1940ల్లో అక్కడి పాలు బొంబాయికి పోవాలంటే పోల్సన్ అనే ప్రైవేటు డెయిరీ చేతుల మీదుగానే పోవాలి, ధర కూడా వాళ్లు చెప్పిందే. రైతులు వెళ్లి వల్లభ్‌భాయ్ పటేల్‌తో మొరపెట్టుకుంటే, సంఘం పెట్టుకుని మీ పాలు మీరే అమ్ముకోండి అన్నారాయన. 1946 జనవరిలో సమర్ఖా అనే ఊళ్లో సభ జరిగింది, పోల్సన్‌కు చుక్క పాలు పొయ్యొద్దని తీర్మానించుకుని రైతులు పదిహేను రోజులు గట్టిగా నిలబడ్డారు. డిసెంబరు 14న సంఘం రిజిస్టరైంది, మనకు తెలిసిన అమూల్ అదే. సంఘం తొలి అధ్యక్షుడు త్రిభువన్‌దాస్ పటేల్ ఊరూరా తిరిగి జనాన్ని కూడగట్టారు. 1949లో ఆ జిల్లాలోని ఆనంద్ పట్టణానికి వచ్చి, ఆ డెయిరీని నడిపించిన వర్గీస్ కురియన్, తాను రైతుల దగ్గర ఉద్యోగినని చివరిదాకా చెప్పుకున్నారు.

అలాంటి సంఘం పాల కేంద్రం దగ్గర పొద్దున్నే నిలబడి చూడండి. ఒక్క గేదె ఉన్న కూలీ తెచ్చిన లీటరు పాలైనా, పది గేదెల ఆసామి క్యాన్ అయినా అదే కొలత, అదే శాంపిల్, వెన్న శాతాన్ని బట్టి అదే రేటు. చీటీ మీద అంకె కళ్లముందే పడుతుంది. సంఘం ఎన్నికల్లో ఇద్దరికీ ఒక్కో ఓటే. పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తే, పాల బిల్లు నెల తిరిగేలోపే వస్తుంది, ఇంట్లో ఆడవాళ్లకు అది ఎంత ధైర్యమో చెప్పనక్కర్లేదు.

మరి మన దగ్గర? 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద సంఘాల మీద పెత్తనమంతా ప్రభుత్వానిదే, పాలకవర్గాన్ని తీసేసి ఆఫీసర్‌ని కూర్చోబెట్టొచ్చు. అలాంటి చోట బాకీ ఎగ్గొడితే నష్టం పక్కింటివాడిదని ఎవరికనిపిస్తుంది? 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇంకో చట్టం తెచ్చింది, ప్రభుత్వ వాటా లేకుండా, సభ్యుల డబ్బుతో, సభ్యుల పాలనలోనే నడిచే సంఘాల కోసం. దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది, నా లెక్కలో మన అసెంబ్లీ చేసిన గొప్ప పనుల్లో అదొకటి.

దాని ఫలం చూడాలంటే ఇప్పటి హనుమకొండ జిల్లాలోని ముల్కనూరుకు వెళ్లాలి. 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి అక్కడ మొదలుపెట్టిన సంఘం అప్పులివ్వడంతో ఆగలేదు, సభ్యుల పంట కొని, మిల్లు పట్టించి అమ్మింది. ఆ ప్రాంతంలోనే పొదుపు సంఘాల్లో చేయి తిరిగిన మహిళలు కొత్త చట్టం కింద స్వకృషి డెయిరీ పెట్టుకుని నడుపుకుంటున్నారు.

మీకూ ఏదైనా సొసైటీలో వాటా ఉంటే సర్వసభ్య సమావేశానికి వెళ్లండి. ఆడిట్ రిపోర్టు చదివి వినిపించమనండి, పెద్ద బకాయిలు ఎవరివో పేర్లతో సహా అడగండి. ఉంటాను, నమస్కారం.