నా టైమెంత సార్?

శ్రోతలకు నమస్కారం.

ఐపీఎల్ వేలం జరిగే రోజు మా ఇంట్లో వంట ఆలస్యమవుతుంది. ఎవరు ఎన్ని కోట్లకు పోయారు, సన్‌రైజర్స్ పర్సులో ఇంకా ఎంత మిగిలింది, అన్నీ నాకు నోటికి వస్తాయి. ఈ నెల కరెంటు బిల్లు ఎంతంటే మాత్రం తడుముకుంటాను. 2024లో హైదరాబాద్ జట్టు బెంగళూరు మీద 287 కొట్టిన రాత్రి మా వీధిలో ఎవరికీ నిద్ర లేదు. ఆ పిచ్చి నాకు ఇప్పటికీ ఉంది, పోవాలని కూడా లేదు. అయితే ఈ మధ్య పరుగులు, కోట్లు కాకుండా ఒక సెకన్ల లెక్క బుర్రలో తిరుగుతోంది. 13.03.

2020 జనవరి. మంగళూరు దగ్గర మూడబిద్రిలో ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ అథ్లెటిక్స్ మీట్. మన విశాఖపట్నం అమ్మాయి యర్రాజి జ్యోతి 100 మీటర్ల హర్డిల్స్‌లో నిలబడింది. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లల్లో పనిచేసేది. ఈ పందెం ఎంత కష్టమో ఒక్కసారి ఊహించుకోండి. దారిలో దూకి దాటాల్సిన అడ్డుకట్టలు, అంటే హర్డిల్స్, పది. ఒక్కొక్కటి రెండడుగుల తొమ్మిదంగుళాల ఎత్తు, అంటే ఇంట్లో డైనింగ్ టేబుల్ కంటే కాస్త ఎక్కువే. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎనిమిదిన్నర మీటర్లు. ఆ మధ్యలో మూడే అంగలు పడాలి. ఒక్క అంగ పొట్టిదైందా, తర్వాతి హర్డిల్ కాలికి తగులుతుంది.

జ్యోతి 13.03 సెకన్లలో ముగించింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అనురాధా బిశ్వాల్ పేరు మీద 2002 నుంచీ కదలకుండా ఉంది. మరి రికార్డు బద్దలైనట్టేనా? లేదు. అక్కడ డోప్ పరీక్ష చెయ్యలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య తరఫున సాంకేతిక ప్రతినిధి లేడు. కాబట్టి ఆ టైమ్ లెక్కలోకి రాలేదు.

రూల్‌ని నేను తప్పుపట్టను. పరీక్ష లేకుండా రికార్డులు ఇచ్చుకుంటూపోతే రేపు ఎవడైనా ఏదో ఒకటి మింగొచ్చి పరిగెత్తుతాడు. నా బాధల్లా వేరు. దేశంలోని యూనివర్సిటీలు ఏరికోరి పిల్లల్ని పంపే మీట్‌లో జాతీయ రికార్డు పడొచ్చని ఎవరూ అనుకోలేదు. అనుకుని ఉంటే పరీక్ష చేసేవాళ్లు వచ్చి ఉండేవారు. అదే ఐపీఎల్‌లోనైతే బంతి బ్యాటు అంచును రాసుకుందా లేదా అని వినడానికి స్టంపులో మైకు పెడతాం!

తర్వాత 2022 ఏప్రిల్, కోజికోడ్‌లో ఫెడరేషన్ కప్ అనే జాతీయ స్థాయి మీట్. ఈసారి అన్నీ ఉన్నాయి. జ్యోతి 13.09లో పరిగెత్తింది. వెనకనుంచి వీచే గాలి సెకనుకు 2 మీటర్లు మించితే రికార్డు చెల్లదు. ఆ రోజు 2.1. ఏం చేస్తాం, గాలిని ఎవరు తిడతారు? మరుసటి నెల సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23కి పరిగెత్తింది. చూడండి, ముందు రెండు పరుగుల కంటే ఇదే నెమ్మది. కానీ పుస్తకంలోకి ఎక్కింది ఇదే.

2023లో చైనాలోని చెంగ్డూలో ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో 12.78తో కంచు పతకం తెచ్చింది. అది జాతీయ రికార్డు. కాలేజీ పోటీలంటే చిన్నచూపు చూసేవాళ్లకు నేను చెప్పేది ఈ ఒక్క అంకెనే.

ఆ ఏడాదే హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్ టీవీలో చూశాను. చైనా అమ్మాయి వు యాన్ని తుపాకీ పేలకముందే లేచింది. అధికారులు జ్యోతిని కూడా కలిపి బయటికి పంపబోయారు. జ్యోతి ఒప్పుకోలేదు. అక్కడే, అంతమంది చైనా ప్రేక్షకుల ముందు, రీప్లే చూడమని పట్టుబట్టింది. చివరికి ఇద్దర్నీ పరిగెత్తనిచ్చారు. తర్వాత వు యాన్నిని తప్పించి, జ్యోతి కంచును వెండి చేశారు. రెండుసార్లు టైమ్ చేజారినవాళ్లకు అలా పట్టుబట్టడం వచ్చేస్తుందేమో అనిపించింది నాకు. ఆ మరుసటేడు పారిస్‌లో, ఒలింపిక్స్‌లో ఈ పందెం పరిగెత్తిన మొదటి భారతీయురాలు ఆమే.

రెండేళ్ల కిందట మా మేనకోడలు పాల్గొంటోందని ఒక ఇంటర్ కాలేజ్ మీట్‌కి వెళ్లాను. సున్నంతో గీసిన లైన్లు మధ్యాహ్నానికే చెదిరిపోయాయి. ఫినిష్ దగ్గర ముగ్గురు మాస్టార్లు, రెండు స్టాప్‌వాచీలు. మా పిల్ల ఐదోది వచ్చింది, అది వదిలెయ్యండి. 200 మీటర్లలో ఫస్టొచ్చిన అమ్మాయి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ, "నా టైమెంత సార్?" అని అడిగింది. మాస్టారు వాచీ వంక చూశారు. నొక్కడం మర్చిపోయినట్టున్నారు.

"ఫస్టొచ్చావు కదమ్మా, ఇంక టైమెందుకు?" అని రిజిస్టర్లో పేరు రాసుకున్నారు.

ఆ అమ్మాయి ఇంకేం అడగలేదు. లైను పక్కన విప్పిన చెప్పులు వెతుక్కుంటూ వెళ్లిపోయింది.