41వ ఎపిసోడ్: కొయోటీకి మొదటి రైఫిల్ ఏది?

మురళి: అందరికీ నమస్కారం. టైము ఆరూ పది. టెక్సాస్, జాక్ కౌంటీ. ర్యాంచ్ గేటు ముందు ట్రక్కులో కూర్చున్నాం. తాళంచెవి ఈసారి నా జేబులోనే ఉంది, ఎవరూ కంగారు పడక్కర్లేదు.

శీను: ఆ తాళం గొడవ మళ్ళీ ఎత్తకు బావా.

మురళి: సరే, ఎత్తను. వెలుగు రావడానికి ఇంకా ముప్పావు గంట పడుతుంది. చలి గట్టిగానే ఉంది, గాలి ఉత్తరం నుంచి. మీ అక్క ఫ్లాస్కులో అల్లం టీ పోసిచ్చింది. ఇవాళ్టి విషయం మీలో చాలామంది అడుగుతున్నదే. కొయోటీ, అదే ఇక్కడి నక్క లాంటి జంతువు, దాని వేటకి మొదటిసారి రైఫిల్ కొనేవాళ్ళు ఏది కొనాలి?

శీను: నేను కాగితం మీద రాసుకొచ్చాను.

మురళి: చదువు మరి.

శీను: మూడే పేర్లు, మూడూ తూటాల రకాలు. ఒకటి .223. 1964 నుంచి ఉంది. తూటాలు ఏ షాపులోనైనా దొరుకుతాయి, మిగతావాటి కన్నా చవక, కిక్ తక్కువ. 55 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకి 3,240 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. 55 గ్రెయిన్లంటే మూడున్నర గ్రాములు, ఒక చిన్న ఉంగరం బరువు. రెండోది .22-250. అదే బరువు బుల్లెట్‌కి 3,680 అడుగుల వేగం ఇస్తుంది. మూడోది .243, 1955లో వచ్చింది. .308 తూటా మెడ సన్నం చేసి తయారు చేశారు. ఇంకాస్త బరువైన బుల్లెట్లు వాడొచ్చు, అవి గాలికి తక్కువ కదులుతాయి, జింకకీ పనికొస్తుంది.

మురళి: బాగా చెప్పావు. జింక వేటకి కూడా వెళ్తాం, ఒకే రైఫిల్ కొనగలం అనుకునేవాళ్ళు .243 తీసుకోండి. కొయోటీ చాలనుకుంటే .223. నా మాట అంతే.

శీను: అప్పుడే అయిపోయిందా? .22-250 సంగతి చెప్పవేం?

మురళి: మంచి తూటా. కాకపోతే పాత రైఫిళ్ళలో బ్యారెల్ లోపలి మెలిక 14 అంగుళాలకి ఒక చుట్టు ఉంటుంది. పొడుగాటి బుల్లెట్లు అందులో నిలకడగా వెళ్ళవు, 55 గ్రెయిన్ల దగ్గర ఆగిపోవాలి. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్ళు అది అడిగి తెలుసుకోండి. నా బాధ వేరే. ఏది కొన్నా సరే, కాల్చడం ప్రాక్టీసు చేసే రేంజ్‌కి తీసుకెళ్ళి బెంచ్ మీద ఇసుక సంచులు పెట్టి, వంద గజాల్లో ఐదు గుళ్ళు ఒక్క చోట వేసి, ఫోటో తీసుకుని ఇంటికొస్తారు. ఈ ముళ్ళ పొలంలో బెంచ్ ఎక్కడుంది శీనూ?

శీను: వచ్చేసింది బెంచ్. ఇంకా ఐదు నిమిషాలు కూడా కాలేదు.

మురళి: అది చెప్పకుండా రైఫిల్ గురించి చెప్పడం నా వల్ల కాదు.

శీను: సరే, నా మాట విను. పోయిన శనివారం నా చేతిలో .22-250 ఉండుంటే ఆ కొయోటీ నిలబడ్డ చోటే పడిపోయేది.

మురళి: అది ఇక్కడ మాట్లాడదామా?

శీను: ఇక్కడే మాట్లాడదాం. వారం నుంచి నువ్వు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఏమైందిరా మీ ఇద్దరికీ అని అక్క అడిగింది.

మురళి: అయితే జరిగింది జరిగినట్టు చెప్పు.

శీను: సాయంత్రం ఐదున్నర. జంతువుల అరుపులు వినిపించే కాలర్ మెషీన్‌ని నలభై గజాల అవతల పెట్టి కుందేలు అరుపు వేశాం. పద్నాలుగో నిమిషంలో సర్కారు తుమ్మల్లోంచి ఒకటి బయటికొచ్చింది.

మురళి: మెస్కీట్ అనాలి, ఇక్కడి చెట్టు అది.

శీను: రెండూ దాయాదులేనని నువ్వేగా చెప్పావు. నాకు చిన్నప్పటి నుంచి నోటికొచ్చే పేరు అదే. వచ్చి, ఎడమ వైపు తిరిగి నిలబడింది. 260 గజాలు. నేను మోకాలి మీద కూర్చుని రెండు కర్రల మీద రైఫిల్ ఆనించాను. గాలి ఎడమ నుంచి కొడుతోంది. కాల్చాను. గుండె దగ్గర పెట్టిన గురి, దెబ్బ పొట్టలో తగిలింది. ఒక్కసారి నడుం వంచి గుండ్రంగా తిరిగి మళ్ళీ ముళ్ళల్లోకి వెళ్ళిపోయింది.

మురళి: ఎంతసేపు వెతికాం?

శీను: రెండు గంటలు.

మురళి: ఏం దొరికింది?

శీను: నాగజెముడు ఆకు మీద ఒక చుక్క. మిరియపు గింజంత ఉంది. టార్చి వెలుగులో నల్లగా కనిపించింది, వేలు పెడితే ఎర్రగా అంటుకుంది. ఇంకో ముప్పై గజాలు పోయాక ఒక ముల్లుకి నాలుగు వెంట్రుకలు, చివర్లు నలుపు. ఆ తర్వాత నేల గట్టిగా ఉంది. ఇంక ఏమీ కనిపించలేదు.

మురళి: మర్నాడు పొద్దున్నే ఓనర్ ఫోన్ చేశాడు. కుంట గట్టు కింద పడి ఉందట. చుట్టూ మట్టి గోళ్ళతో గీరి ఉందట. అంటే అక్కడ చాలాసేపు బతికే ఉంది. నేను ఆ రాత్రంతా వెచ్చగా దుప్పటి కప్పుకుని పడుకున్నాను. అది నా మనసులోంచి పోవడం లేదు.

శీను: నాకు మాత్రం పోయిందా? అందుకే అంటున్నాను, ఇంకా వేగం ఉన్న తూటా అయితే అలా జరిగేది కాదని.

మురళి: లెక్క చూద్దాం. గంటకి 10 మైళ్ళ గాలి అడ్డంగా కొడితే, 300 గజాల దగ్గర నీ .223 బుల్లెట్ దాదాపు ఒక అడుగు పక్కకి పోతుంది. .22-250 అయితే పది అంగుళాలు, కాస్త అటూ ఇటూ. తేడా రెండంగుళాలు. కొయోటీ ఛాతీలో మనం కొట్టాల్సిన చోటు ఎంతుంటుంది? అరచేతంత. నాలుగైదు అంగుళాలు. గాలిని పట్టించుకోకపోతే ఆ రెండు తూటాలూ తప్పు చోటుకే పోతాయి.

శీను: తగిలిన దెబ్బలో బలం వేరుగా ఉంటుంది కదా.

మురళి: ఉంటుంది. కానీ పొట్టలో తగిలితే ఎంత బలమున్నా వెంటనే చావదు, పరిగెడుతుంది. పైగా ఆ పల్చటి పొర ఉన్న బుల్లెట్ అంత వేగంతో భుజం ఎముక మీద పడితే పైపైనే పగిలిపోవచ్చు, లోపలికి దిగకుండా. మనం కళ్ళతో చూశాం.

శీను: ఎర్ర టోపీ ఆయనతో వెళ్ళినప్పుడు.

మురళి: ఆ రోజే.

శీను: ఎత్తు లెక్క మాత్రం నేను తప్పలేదు బావా. 200 గజాలకి జీరో చేసిన రైఫిల్, అంటే ఆ దూరంలో గురి పెట్టిన చోటే తగిలేలా సరిచేసింది. 300కి బుల్లెట్ ఆరేడు అంగుళాలు కిందకి పడుతుంది, 260కి అందులో సగం. ఆ మేరకి పైకి పెట్టాను.

మురళి: ఒప్పుకుంటాను. గాలికి ఎంత వదిలావు?

శీను: ఏమీ వదల్లేదు. కదలకుండా నిలబడి ఉంది, వెళ్ళిపోతుందేమోనని టెన్షన్. గాలి సంగతి గుర్తే లేదు.

మురళి: అదీ. ఆ కర్రల మీద, మోకాలి మీద కూర్చుని, 250 గజాల పైన రేంజ్‌లో ఎన్నిసార్లు కాల్చి చూసుకున్నావు?

శీను: ఒక్కసారి కూడా లేదు.

మురళి: అంతా బెంచ్ మీదే.

శీను: బెంచ్ మీదే. సరే, ఇప్పుడు నేనొకటి అడుగుతాను. నువ్వు పక్కనే ఉన్నావు. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ నీ చేతిలో ఉంది. 260 అని నా చెవిలో చెప్పింది నువ్వే. ఎందుకు ఆపలేదు?

మురళి: ...

శీను: తప్పుగా అడగలేదు కదా.

మురళి: లేదు, సరిగ్గానే అడిగావు. ఆపాల్సింది. అంకె చెప్పడమంటే కాల్చు అని చెప్పడమే. వద్దురా, దూరం ఎక్కువైంది, ఇంకో అరుపు వేసి దగ్గరికి రప్పిద్దాం అంటే సరిపోయేది. వారం నుంచి నేను మాట్లాడకపోవడానికి నీ మీద కోపం ఒక్కటే కారణం కాదు.

శీను: టీ ఇంకొంచెం పొయ్యనా?

మురళి: పొయ్యి.

శీను: అమ్మ కూడా మొన్న పండగ రోజు ఫోన్‌లో అడిగింది. నక్క లాంటి దాన్ని ఎందుకు చంపుతావురా, అది నిన్నేం చేసిందని. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం కింద నక్కని చంపడం నేరం కదా, ఇక్కడేమో వేటకి ఫలానా సీజన్ అని లేదు, ఎన్నైనా కొట్టొచ్చు. ఆవిడకి ఎలా చెప్పాలో తెలియలేదు.

మురళి: ఏం చెప్పావు?

శీను: ఈ ఓనర్ మేకల దొడ్డి గురించి చెప్పాను. డిసెంబరులో మనం చూసిన, కొయోటీలు చంపిన మేకపిల్లలు. ఈని రెండు రోజులు కూడా కాలేదు. అమ్మ కాసేపు ఆగి, సరే, చంపితే బాధ పెట్టకుండా చంపు అంది. అది శనివారానికి ముందు మాట.

మురళి: అమ్మ చెప్పిందే నేనూ చెప్తున్నాను. ఖాళీ రైఫిల్, రెండుసార్లు చూసుకుని, తూటాలు వేరే గదిలో పెట్టి, గ్యారేజీలో గోడ మీద చిన్న గుర్తు పెట్టుకో. మోకాలి మీద, కూర్చుని, నిలబడి, కర్రల మీద పెట్టి ట్రిగ్గర్ నొక్కు. రోజూ పది నిమిషాలు. తర్వాత రేంజ్‌లో అలాగే కాల్చు. పదికి పది అరచేతంత కాగితంలో ఎంత దూరం వరకు పడతాయో, నీ వేట దూరం అంతే. బెంచ్ ఉన్నది గురి చూసే స్కోప్‌ని జీరో చేసుకోవడానికి. అంతవరకే.

శీను: ఇవాళ నా దూరం ఎంత?

మురళి: ఇవాళ 150. నాకు కూడా.

శీను: సరే. ఇంకో మెసేజ్ ఉంది, ఇది చదవాలి. ఒక తమ్ముడు, హెచ్-1బీ మీద ఉన్నాడు. ఒక షాపులో నువ్వు అసలు కొనకూడదన్నారట, ఇంకో షాపులో ఏం పర్లేదన్నారట.

మురళి: దీంట్లో పొరపాటు పడితే బతుకు తలకిందులవుతుంది, కాబట్టి జాగ్రత్తగా వినండి. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదన్నది ఫెడరల్ చట్టం. సొంతది కానక్కర్లేదు, ఫ్రెండ్ రైఫిల్ నీ చేతిలో ఉన్నా అదే లెక్క. దానికి ఒక మినహాయింపు, ఇక్కడి రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ చెల్లుబాటులో ఉండటం. గ్రీన్ కార్డ్ వాళ్ళకి ఈ ఇబ్బంది లేదు.

శీను: టెక్సాస్ లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది.

మురళి: అదీ అసలు ప్రమాదం. సెప్టెంబరు 1న కొత్తది లేకపోతే, అల్మారాలో ఉన్న రైఫిల్ నిన్ను నేరస్తుణ్ణి చేస్తుంది. ఫోన్‌లో అలారం పెట్టుకో తమ్ముడూ. కొనేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి అడుగు. ఇంకోటి, 1971 సెప్టెంబరు 2, ఆ తర్వాత పుట్టినవాళ్ళందరికీ హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. దాన్ని భారం అనుకోకు. కంచె దాటేటప్పుడు రైఫిల్ ఏం చెయ్యాలి, గురి వెనకాల ఏముందో ఎలా చూడాలి, అన్నీ అందులో ఉన్నాయి.

శీను: వెనకాల ఏముందో అన్నది రాత్రి వేటకి వెళ్ళేవాళ్ళకి ఇంకా ముఖ్యం. థర్మల్ స్కోప్‌లో వేడి మాత్రమే కనిపిస్తుంది. దూరంగా ఉన్న ఇల్లు కనిపించకపోవచ్చు.

మురళి: కుక్కనీ కొయోటీనీ కూడా ఒక్కోసారి పోల్చుకోలేం. అందుకే నేను వెలుగులోనే వస్తాను.

శీను: స్కోప్‌ల గురించి అడిగారు చాలామంది.

మురళి: మూడు నుంచి తొమ్మిది రెట్లది చాలు. కొయోటీ దగ్గరికి ఉరికొచ్చినప్పుడు తక్కువలో ఉండాలి. మిగిలిన డబ్బుతో తూటాలు కొనుక్కుని కర్రల మీద...

శీను: బెంచ్ మాట రాకుండా ఒక్క ఎపిసోడ్ చెయ్యి బావా.

మురళి: శనివారం తర్వాత కూడా అదే అంటావా?

శీను: లేదు. అనను.

మురళి: అద్దం కొంచెం దించు. విన్నావా?

శీను: రెండున్నాయి. కాదు, మూడు. కుంట వైపు నుంచి.

మురళి: కుంట మనకి దక్షిణాన ఉంది, గాలి మన వీపు నుంచి అటే పోతోంది. ఇక్కడి నుంచి పిలిస్తే మన వాసన ముందే చేరిపోతుంది.

శీను: తూర్పు కంచె వెంట చుట్టి వెళ్తే గాలి పక్క నుంచి తగులుతుంది. గాలి కిందకి తిరిగొచ్చే కొయోటీ ఆ ఖాళీ జాగాలోంచే రావాలి.

మురళి: పద. కర్రలు తీసుకో. తలుపు మెల్లిగా వెయ్యి.

శీను: రికార్డింగ్ ఇంకా...

మురళి: ఆపెయ్.