గ్రాన్ టురిస్మో అంటే దూరం వెళ్లే బండి

అందరికీ నమస్కారం. బయట గేటు పక్కన ఆపిన ఆవపిండి రంగు కారు ఎవరిదని పొద్దున్నుంచి చాలామంది అడుగుతున్నారు. నాదే. 1970 నాటి ఆల్ఫా రోమియో 1750 జీటీ వెలోచే. ఉగాది పచ్చడి తిని కూర్చున్నవాళ్ల ముందు ఇంజన్ల గురించి మాట్లాడొచ్చా అని కొంచెం సందేహించాను గానీ, మనలో సగం మంది మిలాన్‌కో టూరిన్‌కో ఇంజనీరింగ్ చదవడానికి వచ్చి ఇటలీలోనే ఉండిపోయినవాళ్లం, ఈ కారు తయారైన ఆరేజె ఊరు ఇక్కడికి పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు, ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ మాట్లాడతాను?

నేను తెనాలిలో పెరిగాను. మా పెదనాన్నగారికి ఫియట్ ఉండేది. ఇటలీ ఫియట్ 1100నే బొంబాయిలో ప్రీమియర్ వాళ్లు తయారుచేసేవాళ్లు, గేర్ రాడ్ స్టీరింగ్ పక్కనే ఉండేది, మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పొద్దున్నే చోక్ లాగి, ఇంజన్ కుదురుకునేదాకా ఆయన బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడేవారు. "తొందరపెడితే పలకదురా" అనేవారు. అది ఫియట్‌కే ఉన్న గుణం అనుకున్నాను అప్పుడు.

ముందు పేరు సంగతి చెప్తాను. గ్రాన్ టురిస్మో, పొట్టిగా జీటీ, అంటే పెద్ద ప్రయాణం. రేసు కారు ఒక చక్కర్ వేగంగా తిరిగితే చాలు. జీటీ కారు అలా కాదు, ఇద్దరు మనుషుల్ని, వాళ్ల పెట్టెల్ని రోజంతా వేగంగా, ఒళ్లు హూనం కాకుండా తీసుకెళ్లాలి. ఆల్ఫా వాళ్లు 1930లోనే తమ 6సీ 1750 కారుకి ఈ పేరు పెట్టారు, ఆ ఏడాది ఇటలీ రోడ్ల మీద వెయ్యి మైళ్లు సాగే మిల్లె మిల్యా రేసులో నువొలారి అనే డ్రైవర్ గెలిచింది కూడా 6సీ 1750 మీదే, నా కారు వెనక ఉన్న 1750 అన్న అంకె ఆ జ్ఞాపకమే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1951లో లాంచా అనే ఇంకో ఇటలీ కంపెనీ నుంచి ఔరేలియా బీ20 జీటీ వచ్చింది. ఒకటీ అరా కాకుండా అమ్మకానికి వరసపెట్టి తయారుచేసిన కార్లలో ప్రపంచంలోనే మొదటి వీ6 ఇంజన్, అంటే ఆరు సిలిండర్లు వీ ఆకారంలో ఉండేది, ఔరేలియాదే, బరువు ముందూ వెనకా సమంగా పడాలని గేరుబాక్సుని, క్లచ్‌ని తీసుకెళ్లి వెనక చక్రాల దగ్గర పెట్టారు. నన్నడిగితే అంత ఆలోచించి కట్టిన కారు ఇటలీలో మళ్లీ రాలేదు. కొనే స్తోమత నాకు లేదు, అది వేరే సంగతి.

నాది దానికన్నా చిన్న తరగతి బండి. గీసింది కార్ల బాడీలు చేసే బెర్టోనే కంపెనీలో పనిచేస్తున్న జోర్జెట్టో జుజారో, అప్పటికి ఇరవైల మొదట్లో ఉన్న కుర్రాడు. 1963లో 1570 సీసీ ఇంజన్‌తో మొదటిది వచ్చింది. నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు, ఐదు గేర్లు, ఆ కాలంలో మామూలు ఉద్యోగి కలలు కనగలిగే కారులో ఇవన్నీ ఉండటం చిన్న విషయం కాదు. తర్వాత ఇంజన్‌ని 1779 సీసీ చేశారు, నా 1750లో ఉన్నది అదే. బరువు వెయ్యి కిలోల పైచిలుకు మాత్రమే.

ఇప్పుడు కొనడం గురించి, ఎందుకంటే ఇందాక ముగ్గురు తమ్ముళ్లు అదే అడిగారు. ఇంజన్ చూసి కొనకండి, బాడీ చూసి కొనండి. ఈ ఇంజన్‌కి విడిభాగాలన్నీ దొరుకుతాయి, ఎప్పుడైనా విప్పి కట్టించుకోవచ్చు. తుప్పు అలా కాదు. తలుపుల కింద పొడుగ్గా ఉండే సిల్ ఒక్క రేకు కాదు, లోపల ఇంకా రేకులుంటాయి, కారు బలమంతా దాని మీదే ఉంటుంది, నీళ్లు లోపలికి చేరి ఎన్నేళ్లు తిన్నా బయటికి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట, ముందు అద్దం కింద అంచు, నేల రేకు మూలలు, ఇవన్నీ వంగి, పాకి, టార్చి వేసి చూడాల్సినవే. ఒక చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి పట్టుకెళ్లండి. రేకు ఉన్నచోట అంటుకుంటుంది, లప్పం ఉన్నచోట జారి కింద పడుతుంది.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. కొన్న కొత్తలో ఒక వర్క్‌షాప్‌లో టింకరింగ్ పనికి ఇచ్చాను. పదకొండు నెలలు ఉంచుకున్నారు. మెరిసిపోతూ వచ్చింది. రెండు చలికాలాలు గడిచేసరికి ఎడమ తలుపు కింద చిన్న పొక్కు లేచింది, స్క్రూడ్రైవర్‌తో తాకితే లోపలికి దిగిపోయింది. వేళ్లతో లాగితే వేలెడు మందం లప్పం పెచ్చు ఊడి వచ్చింది, దాని వెనక తుప్పు పొడి తప్ప రేకు లేదు. ఆ రోజు గ్యారేజీలో చాలాసేపు కింద కూర్చుండిపోయాను. డబ్బు పోయినందుకు కాదు. నా పిల్లలిద్దరినీ వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఆ కారులో తిరిగాను.

తర్వాత దొరికిన మెకానిక్ పెద్దాయన వల్లే ఈ కారు ఇవాళ గేటు దగ్గర ఉంది. డెబ్బై దాటాయి ఆయనకి. కుళ్లిన రేకంతా కోసి, కొత్తది వెల్డింగ్ చేసి, మూసేముందు ప్రతి పొరా నాకు చూపించాడు. ఇంజన్ పని కూడా ఆయన దగ్గరే చూశాను. పైన అల్యూమినియం మూత తీస్తే వాల్వుల్ని తెరిచే రెండు క్యామ్‌షాఫ్టులు, వాటిని తిప్పే రెండు వరసల చైన్, అన్నీ నూనెలో తడిసి తేనె రంగులో కనిపిస్తాయి. క్యామ్‌కీ, దాని కింద వాల్వు మీద బోర్లించినట్టుండే గిన్నెకీ మధ్య ఫీలర్ గేజ్ అనే పలచటి రేకు దూర్చి సందు కొలుస్తాం. సందు తేడా ఉంటే స్క్రూ తిప్పి సరిచేయడానికి లేదు, క్యామ్‌షాఫ్టు మొత్తం విప్పి, గిన్నె తీసి, వాల్వు కాడ మీద ఉన్న చిన్న బిళ్లని మైక్రోమీటర్‌తో కొలిచి, వెంట్రుకవాసి మందమో పలచనో ఉన్న ఇంకో బిళ్ల వేయాలి. ఎనిమిది వాల్వులకీ ఇంతే. ఒక శనివారం మొత్తం పడుతుంది. ఒకసారి సరిగ్గా కుదిరితే మాత్రం చాలా కాలం కదలదు. అంత ఓపిక ఉన్న మనిషి కోసం ఈ ఇంజన్‌ని గీశారని నాకు అనిపిస్తుంది, నాకది గౌరవంగా అనిపిస్తుంది.

నడపడం కూడా అలాగే. పొద్దున్నే మొదటి గేర్‌లోంచి రెండో గేర్‌కి నేరుగా లాగితే గరగరమంటుంది. ఈ గేరుబాక్సులో రెండో గేర్ సింక్రోలు, అంటే గేరు పడేముందు వేగాలు కలిపే రింగులు, బలహీనం, నూనె చల్లగా ఉన్నప్పుడు మరీనూ. న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఆగి, మెల్లగా వదిలితే వెన్నలోకి చెంచా దిగినట్టు దిగుతుంది. నీళ్ల టెంపరేచర్ ముల్లు పైకి లేచింది కదాని గట్టిగా తొక్కకూడదు, నూనె వేడెక్కడానికి ఇంకా సమయం పడుతుంది. మొదటి పది కిలోమీటర్లు నెమ్మదిగా పోతాను. వెనక హారన్ కొట్టేవాళ్లు కొడతారు. పెదనాన్నగారు బానెట్ మీద చెయ్యి ఎందుకు పెట్టేవారో నాకు అప్పుడే అర్థమైంది.

1964లో అవుతోస్త్రాదా దెల్ సోలే హైవే పూర్తయ్యాక మిలాన్ నుంచి నేపుల్స్‌కి ఒకే రోడ్డు. ఇలాంటి కార్లకి అది కట్టించి ఇచ్చినట్టే ఉంటుంది. కానీ నాకిష్టమైనది బొలోన్యా నుంచి ఫ్లోరెన్స్‌కి పోయే పాత కొండ దారి. లొయానో, మొంగిదోరో దాటి 968 మీటర్ల ఎత్తున రాతికోజా కనుమ, అక్కడి నుంచి 903 మీటర్ల ఫూతా కనుమ. మిల్లె మిల్యా కార్లు పోయిన దారే అది. పోయిన అక్టోబర్‌లో మా ఆవిడా నేనూ వెళ్లాం. తడిసిన చెస్ట్‌నట్ ఆకులు రోడ్డంతా, అద్దం నాలుగు వేళ్లు దించితే పొయ్యిల పొగ వాసన. మూడో గేర్‌లో మలుపు ముందు యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో చిటపటలు, మలుపు మధ్యలో మళ్లీ తొక్కితే రెండు జంట కార్బురేటర్లు ఒకేసారి గాలి పీల్చే చప్పుడు. ఆ చప్పుడు కొత్త కార్లలో ఏదీ చేయదు, చేయలేదు. స్టీరింగ్ చెక్క చక్రంలోంచి రోడ్డు మీది ప్రతి గరుకూ అరచేతికి తెలుస్తుంది. మా ఆవిడకి కార్లంటే పెద్ద ఆసక్తి లేదు. ఫూతా దాటాక తనే అంది, "వచ్చేటప్పుడు కూడా హైవే వద్దులెండి, ఇటే వద్దాం."

ఖర్చు సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. ముప్పై ఏళ్లు దాటిన బండికి ఇక్కడ మామూలు రోడ్డు పన్ను లేదు, రోడ్డెక్కిస్తే కొద్దిపాటి రుసుము కట్టాలి. పాత బండ్ల బీమా చవక. అసలు ఖర్చంతా రేకు పని దగ్గరే. ఇంకోటి, ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత రబ్బరు గొట్టాల్ని పాడుచేస్తుంది, కొన్న వెంటనే అన్నీ మార్పించండి, దీనికి మాత్రం వాయిదా వేయకండి, మంటల వ్యవహారం.

ధర పెరుగుతుందని కొని గుడ్డ కప్పి ఉంచేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. నాకు నిజంగా బాధేస్తుంది. నిలబెడితే సీళ్లు ఎండి నూనె కారుతుంది, కార్బురేటర్లలో పెట్రోల్ జిగురుగా మారుతుంది, బ్రేకులు పట్టేస్తాయి. నాది ప్రతి రెండు వారాలకీ బయటికి తీస్తాను, తీస్తే వంద కిలోమీటర్లకి తగ్గకుండా తిప్పుతాను.

వచ్చే నెల మొదటి శనివారం పెద్దాయన గ్యారేజీలో ఇంజన్ మూత విప్పుతున్నాం, వాల్వుల సందులు కొలవాలి. రావాలనుకున్నవాళ్లు ఎనిమిదింటికల్లా వచ్చేయండి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఇప్పుడు పిల్లలెవరైనా కూర్చుని చూస్తామంటే తాళాలు నా దగ్గరే ఉన్నాయి, పదండి.